గీత పడిన పొలం: హైస్పీడ్ రైలు మార్గంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2026 ఫిబ్రవరి 1న పార్లమెంటు ముందుకు వచ్చిన కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ రైలు మార్గాల్లో పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై మార్గాలు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం భూమి గురించినవే. వాటిలో ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఎక్కువ మందికి పనికొచ్చేవి ఎంచుకుని, ఈ సంచికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: మాకు అయిదెకరాల చెలక ఉంది. అమ్మాయి పెళ్లి కోసం రెండెకరాలు అమ్ముదామని బయానా దాకా వచ్చాం. ఇంతలో రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుందని ప్రచారం మొదలైంది. ఎవరో ఫోన్‌లో పంపిన మ్యాపులో ఎర్ర గీత సరిగ్గా మా పొలం మీదనే ఉంది. కొనేవారు వెనక్కి పోయారు. ఇప్పుడు వేరేవాళ్లు వచ్చి సగం ధరకైతే తీసుకుంటామంటున్నారు. అసలు ఈ భూమిని అమ్మవచ్చా? — ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మవచ్చు. ఫోన్లలో తిరిగే మ్యాపుకు చట్టం దృష్టిలో ఏ విలువా లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడి, అందులో మీ సర్వే నంబరు కనిపించే వరకు మీ భూమి మీద మీకున్న హక్కుల్లో ఏ ఒక్కటీ తగ్గదు. ఆ నోటిఫికేషన్ గెజిట్‌లోను, రెండు దినపత్రికల్లోను, పంచాయతీ కార్యాలయంలోను ప్రచురితం కావాలి. రెండు పత్రికల్లో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అది వచ్చిన తరువాత మాత్రం కలెక్టరు ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప అమ్మకం, తాకట్టు వంటి లావాదేవీలు చేయరాదు.

ప్రకటనకూ నోటిఫికేషన్‌కూ మధ్య సర్వే, సమగ్ర ప్రాజెక్టు నివేదిక, మార్గం ఖరారు వంటి దశలు చాలా ఉంటాయి, ఆ దశల్లో గీత పక్కకు జరగడం సర్వసాధారణం. ఎంత కాలం పడుతుందో తెలుసుకోవడానికి మన ముందున్న ఉదాహరణ ముంబై–అహ్మదాబాద్ మార్గం. 508 కిలోమీటర్ల ఆ మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగితే, దానికి కావలసిన సుమారు 1,390 హెక్టార్ల సేకరణ పూర్తయిందని ప్రకటన వచ్చింది 2024 జనవరిలో. బ్రిటన్‌లోనైతే బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కు వేయదలచిన హైస్పీడ్ మార్గాన్ని, ఏళ్ల తరబడి భూయజమానులు గీత కింద బతికిన తరువాత, 2023 అక్టోబరులో ఆ దేశ ప్రధాని పూర్తిగా రద్దు చేశారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ సగం ధర బేరం. నష్టపరిహారం చట్టం చెప్పిన లెక్క ప్రకారం, ఆనాటికి హక్కుదారుగా ఎవరున్నారో వారికే అందుతుంది. మీ దగ్గర సగానికి కొనజూస్తున్నవారు ఆ లెక్క తెలిసే వచ్చారని నా అనుమానం. గీత మీ పొలం మీద పడితే పరిహారం వారిది, పడకపోతే సగం ధరకు దొరికిన భూమి వారిది. రెండు విధాలా నష్టపోయేది మీరే. పెళ్లి ఖర్చు ఆగదని నాకు తెలుసు. వీలుంటే భూమి తనఖా మీద బ్యాంకు రుణం గురించి ఆలోచించండి. అమ్మక తప్పకపోతే ప్రచారంలో ఉన్న సంగతిని కొనేవారికి దాచకుండా చెప్పి, మామూలు ధరకు దగ్గరగా అమ్మండి.

ఇక్కడ మన చట్టంలో ఒక పెద్ద లోటు ఉంది. బ్రిటన్‌లో రైలు మార్గం కోసం ఒక ప్రాంతాన్ని అధికారికంగా గుర్తించిన తరువాత, ఇల్లో పొలమో అమ్ముడుపోక చిక్కుకున్న అర్హులైన యజమానులు తమ ఆస్తిని ముందుగానే కొనమని ప్రభుత్వానికి నోటీసు ఇవ్వవచ్చు. మనకు అటువంటి ఏర్పాటు లేదు. ప్రకటనకూ నోటిఫికేషన్‌కూ మధ్య గడిచే సంవత్సరాల్లో ఆగిపోయిన అమ్మకాలకు, తవ్వించకుండా ఉండిపోయిన బోర్లకు, నాటకుండా ఆపుకొన్న తోటలకు ఎవరూ లెక్క కట్టరు. భూయజమానికి నష్టం భూమి పోయిన రోజున కాక గీత పడిన రోజునే మొదలవుతుంది. కొత్త మార్గాలు మొదలు కాకముందే ప్రభుత్వం ఈ సంగతి ఆలోచించడం న్యాయం.

ప్రశ్న: భూమికి నాలుగింతల పరిహారం వస్తుందని కొందరు, ప్రభుత్వ ధర మాత్రమే ఇస్తారని కొందరు అంటున్నారు. ఏది నిజం? — ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: రెండూ సగం సగం నిజాలే. లెక్క ఎలా కడతారో తెలిస్తే ఎవరి మాటా నమ్మవలసిన పని ఉండదు.

మొదటి మెట్టు మార్కెట్ విలువ. సెక్షన్ 26 ప్రకారం రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువను ఒక పక్క పెడతారు. మీ ఊళ్లో గాని, దగ్గరి ఊళ్లో గాని గడచిన మూడేళ్లలో అదే రకం భూములకు జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర చూపిన సగం దస్తావేజుల సగటును ఇంకో పక్క పెడతారు. రెండింటిలో ఏది ఎక్కువైతే అదే మార్కెట్ విలువ. ఆ సగటు ఎలా పని చేస్తుందో చూడండి. మూడేళ్లలో పది దస్తావేజులు జరిగి, వాటిలో ఎకరా ధర వరుసగా 8, 10, 11, 12, 12, 14, 15, 16, 18, 20 లక్షలుగా ఉందనుకుందాం. చట్టం చూసేది చివరి అయిదింటినే, కాబట్టి సగటు 16 లక్షల 60 వేలు అవుతుంది. పదింటినీ కలిపితే 13 లక్షల 60 వేలే వచ్చేది. ఎకరాకు మూడు లక్షల తేడా ఒక్క ఈ నిబంధన వల్ల వస్తుంది, కనుక అధికారులు ఏయే దస్తావేజులను లెక్కలోకి తీసుకున్నారో అడిగి చూడడం మీ పని. ఇక్కడే ఒక చేదు నిజం కూడా ఉంది. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఇరవై లక్షల భూమిని ఎనిమిది లక్షలకు రాయించుకునే అలవాటు మన ఊళ్లలో పాతుకుపోయింది. అలా రాసిన ప్రతి దస్తావేజూ రేపు ఊరందరి సగటును కిందికి లాగుతుంది.

రెండో మెట్టు గుణకం, అంటే మార్కెట్ విలువను ఎంతతో హెచ్చవేయాలో చెప్పే అంకె. పట్టణ ప్రాంతంలో అది 1. గ్రామీణ ప్రాంతంలో పట్టణానికి ఉన్న దూరాన్ని బట్టి 1 నుంచి 2 వరకు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. హెచ్చవేయగా వచ్చినదానికి చెట్లు, బోరు, పైపులైను, కట్టడాల విలువను కలుపుతారు. అలా వచ్చిన మొత్తానికి సమానమైన మొత్తాన్ని, అంటే నూటికి నూరు శాతాన్ని, సొలేషియంగా (ఇష్టం లేకున్నా భూమి వదులుకోవలసి వచ్చినందుకు ఇచ్చే అదనపు సొమ్ముగా) ఇస్తారు. గుణకం 2 ఉన్న చోట మాత్రమే భూమి విలువ నాలుగింతలవుతుంది. గుణకం 1 అయితే రెండింతలే.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఎకరా మార్కెట్ విలువ 16 లక్షలు, గుణకం 1.25 అనుకుంటే 20 లక్షలు. బోరు, మామిడి చెట్లు, పైపులకు 4 లక్షలు కలిపితే 24 లక్షలు. అంతే మొత్తం సొలేషియం చేరితే 48 లక్షలు. దీనిపై, సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ తేదీ నుంచి అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు) వరకు గాని, భూమి స్వాధీనం చేసుకునే వరకు గాని, ఏది ముందైతే అంతవరకు, మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున అదనంగా ఇవ్వాలి. మన ఉదాహరణలో అది ఏడాదికి లక్షా 92 వేలు. చెట్లకూ బోరుకూ కట్టే ప్రతి రూపాయి సొలేషియంతో రెండు రూపాయలవుతుందని గమనించండి. పంచనామా రోజున పొలంలో దగ్గరుండి, ప్రతి చెట్టూ వయసుతో సహా, బోరు లోతుతో సహా, భూమిలో పాతిన పైపు పొడవుతో సహా రాయించుకోండి. పైకి కనిపించని పైపులైను రాయించక పోగొట్టుకున్న రైతులు ఎందరో ఉన్నారు.

నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందో దాని మొదటి పంక్తిలోనే ఉంటుంది. అది చదవడం తప్పనిసరి. రైల్వే చట్టం, 1989కి 2008లో చేర్చిన 20ఏ నుంచి 20పీ వరకు ఉన్న సెక్షన్ల కింద కూడా ప్రత్యేక రైల్వే ప్రాజెక్టులకు భూమి తీసుకోవచ్చు. అప్పుడు అభ్యంతరాలకు గడువు 30 రోజులే; 2013 చట్టం కింద 60 రోజులు. పరిహారం విషయంలో మాత్రం భయం అక్కరలేదు. 2013 చట్టంలోని పరిహార, పునరావాస నిబంధనలు 2015 సెప్టెంబరు 1 నుంచి రైల్వే చట్టం కింద జరిగే సేకరణకు కూడా వర్తిస్తున్నాయి.

ప్రశ్న: మార్గం మా పొలాన్ని రెండు ముక్కలు చేస్తుందేమోనని భయంగా ఉంది. బోరు ఒక వైపు, పొలంలో ఎక్కువ భాగం ఇంకో వైపు పడతాయి. బొమ్మ గీసి పంపుతున్నాను. పోయే భూమికి డబ్బిస్తారు సరే, మిగిలినదాని సంగతేమిటి? — ఒక మహిళా రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, గీతల పుస్తకం కాగితం మీద మీరు పెన్సిలుతో గీసిన బొమ్మ నా ముందు ఉంది. బోరు దగ్గర చిన్న సున్నా చుట్టి, అక్కడి నుంచి పైపు పోయే దారిని చుక్కలతో చూపారు. రైలు గీత ఆ చుక్కలను అడ్డంగా కోసింది. అధికారులకు ఇవ్వవలసిన అభ్యంతర పత్రానికి ఇంతకంటే మంచి జతపత్రం ఉండదు.

ముందు విస్తీర్ణం చూద్దాం. ముంబై–అహ్మదాబాద్ మార్గం చాలా వరకు స్తంభాల మీద, అంటే వయాడక్టు మీద, నడుస్తుంది. దానికి కావలసిన పట్టీ వెడల్పు సుమారు 17.5 మీటర్లు. ఆ కొలతే ఇక్కడా ఉంటే, 200 మీటర్ల పొడవున్న పొలంలో పోయేది 3,500 చదరపు మీటర్లు, అంటే సుమారు 86 సెంట్లు. మీ పొలం నాలుగెకరాలనుకుంటే, అందులో 86 సెంట్లు అంటే కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. నీరు అవతల, పైరు ఇవతల అయిన రోజున మిగిలిన మూడెకరాల పైచిలుకు భూమి ఏమవుతుందో మీ బొమ్మ చెబుతోంది. మార్గం కట్ట మీద వేస్తే ఇబ్బంది ఇంకా ఎక్కువ. గంటకు 320 కిలోమీటర్ల వేగానికి కట్టే మార్గం పొడవునా కంచె ఉంటుంది, లెవల్ క్రాసింగులు ఉండవు.

చట్టం ఈ నష్టాన్ని గుర్తించింది. పరిహారం నిర్ణయించేటప్పుడు కలెక్టరు చూడవలసిన అంశాల్లో, ఒక యజమాని భూమిలో కొంత తీసుకోవడం వల్ల మిగిలినది తెగిపోయి కలిగే నష్టం, మిగిలిన ఆస్తికీ సంపాదనకూ తగిలే దెబ్బ సెక్షన్ 28లో విడివిడిగా ఉన్నాయి. అయితే అడగనిదే ఇవి లెక్కలోకి రావడం అరుదు. కొత్త బోరు ఖర్చు, విద్యుత్ కనెక్షన్ మార్చే ఖర్చు, మార్గం కింద నుంచి పైపు తీసుకుపోయే హక్కు, ట్రాక్టరు తిరిగే దారి, ముక్క చిన్నదై దున్నకానికి పనికిరాకుండా పోయే సెంట్లు — వీటన్నిటినీ అంకెలతో సహా రాతపూర్వకంగా, గడువులోపల ఇవ్వండి. మిగిలిన ముక్కను కూడా తీసుకొమ్మని పట్టుబట్టే హక్కు చట్టం మీకు నేరుగా ఇవ్వలేదు గాని, ముక్కలైనందుకు అడిగిన పరిహారం మరీ ఎక్కువనిపిస్తే మొత్తం భూమిని తీసుకొమ్మని ఆదేశించే అధికారం సెక్షన్ 94 ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి మీరు ఏది కోరుతున్నారో స్పష్టంగా రాయడం మంచిది.

స్తంభాల మధ్య ఖాళీ ఉంటుంది కదా, దారి దానంతట అదే ఉంటుందిలే అని నోటి మాటతో సర్దిచెబితే ఒప్పుకోకండి. ఆ నేల మీది కాదు, రేపు అక్కడ కంచె వేస్తే అడిగే ఆధారం ఉండదు. దారి, పైపు ఎక్కడి నుంచి పోతాయో కొలతలతో కాగితం మీద రావాలి. రాష్ట్రాలు చేసుకున్న సవరణల వల్ల కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. అలా జరిగితే గ్రామసభలో మాట చెప్పుకునే తొలి అవకాశం పోతుంది, మీ అభ్యంతర పత్రమే మీ గొంతు అవుతుంది.

ప్రశ్న: పదేళ్లుగా నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. భూమి పోతే డబ్బు ఆసామికి వస్తుంది. నాకేమిటి? — ఒక కౌలు రైతు

జవాబు: భూమి ధరలో మీకు వాటా రాదు. అయితే సొంత భూమి లేకుండా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారులను, పాలికి చేసేవారిని, వ్యవసాయ కూలీలను 2013 చట్టం బాధిత కుటుంబాల్లో చేర్చింది. పునరావాసం కింద, చట్టం రెండో షెడ్యూలు ప్రకారం, ఉద్యోగం గాని, ఒకేసారి 5 లక్షల రూపాయలు గాని, 20 ఏళ్ల పాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గని భృతి గాని ఎంచుకునే అవకాశం ఉంటుంది. పైరు మీది అయితే పంట నష్టం కూడా అడగవచ్చు. చిక్కంతా రుజువు దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో అయితే పంట సాగుదారు హక్కుల పత్రం తీసుకోండి. ఎక్కడైనా సరే ఎరువుల రసీదులు, ధాన్యం అమ్మిన చీటీలు మూడేళ్లవి దాచుకోండి. కౌలు పేరు కాగితం మీదికి వస్తే భూమి పోతుందని భయపడే ఆసాములకు కూడా ఒక మాట: పునరావాసం కింద కౌలుదారుకు ఇచ్చే మొత్తాన్ని మీ భూమి పరిహారం నుంచి కోయరు.

ప్రశ్న: మాది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. పరిహారం ఉండదంటున్నారు. — ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఉంటుంది. భూయజమాని నిర్వచనంలోనే 2013 చట్టం అసైన్డ్ భూములను ప్రస్తావించింది. అంతకుముందే, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్‌దారులకు కూడా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అసైన్‌మెంటు పట్టా తాత పేరు మీదనే ఉండిపోతే ఇప్పుడే విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయించుకోండి.

ప్రశ్న: ఇంటిలో సగం మాత్రమే పోతే? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు మొత్తం ఇంటినీ తీసుకొమ్మని కోరితే, సగం మాత్రమే తీసుకునే వీలు లేదు. సెక్షన్ 94 ఈ హక్కును ఇంటి యజమానికి నేరుగా ఇచ్చింది. అవార్డు రాకముందే రాసి ఇవ్వాలి.

ప్రశ్న: మా భూమి మార్గంలో పోదు, కాని పక్కనే ఉంటుంది. చప్పుడు, అదురు వస్తాయి, ధర పడిపోతుంది. మాకు పరిహారం ఉంటుందా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ భూమిలో కొంతైనా తీసుకుంటే తప్ప పరిహార చట్టం మీ గడప తొక్కదు. గజం పోయిన పొరుగువాడు మిగిలిన ఆస్తి నష్టం అడగగలడు, గజం పోని మీరు అడగలేరు. ఇది నాకు న్యాయంగా తోచదు. జపాన్ తన షింకన్‌సెన్ (హైస్పీడ్ రైలు) మార్గాల పక్కన నివాస ప్రాంతాల్లో శబ్దం 70 డెసిబెళ్లు మించరాదని 1975లోనే ప్రమాణం పెట్టుకుంది. మార్గం ఖరారు కాకముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో శబ్ద నిరోధక గోడలు ఎక్కడెక్కడ కావాలో ఊరి పేరు, ఇళ్ల దూరం చెప్పి అడగడమే మీకున్న దారి. ఇల్లు కట్టే ఆలోచన ఉంటే, రైల్వే సరిహద్దుకు 30 మీటర్ల లోపు కట్టడాలకు రైల్వే నిరభ్యంతర పత్రం అవసరమవుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: రైలు పని మొదలైతే గుత్తేదార్లు పొలాలను రెండు మూడేళ్లకు అద్దెకు అడుగుతారని విన్నాను. ఇవ్వడం మంచిదేనా? — ఒక రైతు

జవాబు: అద్దె మొత్తం చూసి తొందరపడకండి. ముంబై–అహ్మదాబాద్ మార్గంలో స్తంభాల మీద వేసే 40 మీటర్ల గర్డరు (దూలం) ఒక్కొక్కటి సుమారు 970 టన్నుల బరువు ఉంటుంది. వాటిని పోతపోసి, నిలవ చేసి, కదిలించే యార్డు కింద నేల ఎంతగా అణగిపోతుందో ఊహించండి. ఒప్పందంలో మూడు సంగతులు ఉండాలి. పై అడుగు మట్టిని ముందుగా తీసి వేరుగా కుప్ప పోసి కాపాడాలి. వెళ్లేటప్పుడు కాంక్రీటు మొత్తం తవ్వి తీసి, నేలను లోతుగా దున్ని, ఆ మట్టిని తిరిగి పరచాలి. ఇది పూర్తయ్యే వరకు అద్దె ఆగకూడదు. అప్పగించే రోజున తేదీతో సహా ఫొటోలు తీసి ఇరువైపులా సంతకాలు పెట్టించండి. ఒకవేళ ప్రభుత్వమే సెక్షన్ 81 కింద తాత్కాలికంగా తీసుకుంటే అది మూడేళ్లు మించరాదు.

ప్రశ్న: ఇచ్చిన డబ్బు తీసుకుంటే ఇక ఎక్కువ అడగడానికి ఉండదా? తీసుకోకపోతే భూమి ఆగుతుందా? — ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తీసుకోకపోయినా భూమి ఆగదు. ఆ మొత్తాన్ని భూసేకరణ ప్రాధికార సంస్థ దగ్గర జమ చేసి స్వాధీనం చేసుకుంటారు. వారసుల మధ్య తగవు ఉన్నా అదే జరుగుతుంది, తీర్పు వచ్చే వరకు డబ్బు అక్కడే ఉండిపోతుంది. అందువల్ల అన్నదమ్ములు కూర్చుని వాటాలు ఇప్పుడే తేల్చుకోవడం, పాసుపుస్తకంలోని విస్తీర్ణమూ నేల మీది హద్దులూ సరిపోతున్నాయో లేదో సర్వేయరుతో కొలిపించుకోవడం ఎంతో అవసరం. పరిహారం పూర్తిగా చెల్లించకుండా స్వాధీనం చేసుకోరాదని సెక్షన్ 38 చెబుతోంది. అవార్డు మీద ఆదాయపు పన్ను, స్టాంపు డ్యూటీ ఉండవని సెక్షన్ 96లో ఉంది.

డబ్బు తీసుకుంటూనే ఎక్కువ అడగవచ్చు. కాని రసీదు మీద సంతకం పెట్టే చోట “పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని మీ చేతితో రాయాలి. ఆ మాట లేకుండా తీసుకున్నవారు తరువాత దరఖాస్తు చేసుకోలేరు. సమ్మతి అవార్డు అని అచ్చు వేసిన కాగితం ముందు పెడితే, అది ఆ హక్కును వదులుకునే కాగితం కావచ్చు, కాబట్టి ఇంటికి తీసుకువెళ్లి తెలిసినవారితో చదివించుకోకుండా సంతకం చేయకండి. 2013 చట్టం కింద, అవార్డు చెప్పిన రోజున మీరు అక్కడ ఉంటే, సెక్షన్ 64 దరఖాస్తుకు ఆ రోజు నుంచి ఆరు వారాలే గడువు. ఆ తేదీని పాసుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.